మైకు సెట్టు రోజుల ముచ్చట

ముందు ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టరా అబ్బాయ్. ప్లగ్గు పీకేశాను కదా తాతయ్యా అంటావు, తెలుసు. ప్లగ్గు పీకినంత మాత్రాన లోపలి కరెంటు పోదు. ఆ మూల రేకు గొట్టాలు కనిపిస్తున్నాయే, అవి కండెన్సర్లు. వాటి కడుపులో 400 వోల్టులు చాలాసేపు నిలవుంటాయి. ఐదు వాట్లది, పది కిలో ఓములది రెసిస్టరు ఒకటి తెచ్చి, ప్లాస్టిక్ పిడి ఉన్న క్లిప్పులతో రెండు చివర్లకీ ఆనించి పది లెక్కపెట్టు. తరవాత మీటరు పెట్టు. ముల్లు సున్నాకి దిగాకే చెయ్యి పెట్టాలి. మా రోజుల్లో ఇరవై అయిదు వాట్ల బల్బు హోల్డరుకి రెండు వైర్లు కట్టి ఆనించేవాళ్ళం. గుప్పుమని వెలిగి ఆరిపోయేది. ఎంత కరెంటు దాక్కుందో కళ్ళారా కనిపించేది. రెండో చెయ్యి ఎప్పుడూ వీపు వెనకే. రెండు చేతులూ లోపల పెట్టినవాడికి షాకు గుండె మీదుగా పోతుంది. నిదానమే ప్రధానం అన్నది ఈ పనికి అక్షరాలా చెల్లుతుంది.

నీ గిటారు యాంప్లిఫయరు చూస్తే నాకు పాత చుట్టం ఇంటికొచ్చినట్టుంది. అదేదో అమెరికా వింత అనుకుంటున్నావు గానీ, దాని పుట్టుక రేడియో రిపేరు కొట్టులోనే. లియో ఫెండర్ అనే ఆయన 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఊళ్ళో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడు. తరవాత గిటార్లూ యాంప్లిఫయర్లూ చేసి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయనకి గిటారు వాయించడం రాదు తెలుసా? లండన్లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల కొట్టాయన, ఫెండర్ వాళ్ళ బాస్‌మన్ పెట్టెని నమూనాగా పెట్టుకుని 1962లో తన పెట్టె కట్టించాడు. 6ఎల్6 అనీ, ఇఎల్34 అనీ వాళ్ళు వాడిన వాల్వుల తెగే మా మైకు సెట్లలోనూ వెలిగేది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళ వాల్వు కొత్తది అట్టపెట్టెలోంచి తీస్తుంటే మా మేస్త్రిగారు చేతులు తుడుచుకుని మరీ అందుకునేవారు. అందుకే చెబుతున్నా, నీ పెట్టెకి వచ్చిన రోగాలన్నీ మా పెట్టెలకి వచ్చినవే.

మా కొట్టు ఏలూరు పవర్‌పేట స్టేషను దారిలో ఉండేది. ముందు గదిలో రేడియోలు, వెనక గదిలో మైకు సెట్లు, హారన్లు. అప్పట్లో రేడియో ఇంట్లో పెట్టుకోవాలంటే పోస్టాఫీసులో ఏడాదికి 15 రూపాయలు కట్టి లైసెన్సు పుస్తకం మీద బిళ్ళలు అంటించుకోవాలి. రిపేరుకి తెచ్చినాయన ఆ పుస్తకం కూడా సంచిలో పెట్టుకొచ్చేవాడు, దారిలో ఎవడైనా అడుగుతాడేమోనని. మైకు సెట్టుకైతే పెళ్ళివారు ముందే వచ్చి, తమలపాకుల్లో బయానా పెట్టి ఇచ్చి వెళ్ళేవాళ్ళు. ఒక యాంప్లిఫయరు, రెండు హారన్లు, మైకు, రికార్డు ప్లేయరు కలిపి రోజుకి పదిహేను, ఇరవై రూపాయలు. టీ పదిహేను పైసలున్న రోజులు మరి. పెళ్ళింట్లో మైకు కుర్రాడికి మర్యాద చూడాలి! హారను కట్టడానికి కొబ్బరిచెట్టు ఎక్కి దిగేసరికి ఇంటావిడ మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడేది. మొదటి బంతిలో మాకు విస్తరి వెయ్యకపోతే పాటలు ఆగిపోతాయని వాళ్ళకి భయం. రెండు హారన్లూ ఒకే వైపు తిప్పామో, రెండో వీధి వియ్యాలవారికి కోపం వచ్చేది. మా పెళ్ళి మాకే వినపడకూడదా అని ఒకాయన నిచ్చెన తెప్పించి స్వయంగా హారను తిప్పబోయాడు.

ఇక నాటకాల సంగతి ఎత్తితే తెల్లారిపోతుంది. అయినా ఒక్కటి చెబుతా. షణ్ముఖి ఆంజనేయరాజుగారు, పీసపాటి నరసింహమూర్తిగారు వేషం కడుతున్నారంటే జనం బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. స్టేజి మధ్య పైనుంచి ఒకే మైకు వేలాడదీసేవాళ్ళం. అంత పెద్దవాళ్ళ దగ్గర గొడవ ఉండేది కాదు. ఊరి కుర్రాళ్ళు గయోపాఖ్యానం వేశారంటే మాత్రం కృష్ణార్జునుల అసలు యుద్ధం ఆ మైకు కిందే. పద్యం ఎత్తుకున్నవాడు ఆలాపన సాగదీస్తూ జరగడు, రెండోవాడు భుజంతో తోస్తాడు, జనం ఒన్స్‌మోర్ అంటారు, హార్మోనియం ఆయన కళ్ళు మూసుకుంటాడు. ఇంతలో సెట్టు కీచుమని కూత పెడుతుంది. సెట్టు పాడైపోయింది, మైకువాణ్ణి పిలవండి అని కమిటీవారి కేక. సెట్టుకేమీ కాదు. హారను ముందుకి మైకు తెచ్చిపెడితే తన గొంతు తానే మళ్ళీ విని కూస్తుంది, అంతే. హారను వెనక్కి తిప్పితే పోతుంది. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదిట. నువ్వూ గిటారు తగిలించుకుని స్పీకరు ఎదురుగా నిలబడి కూస్తోందనకు. ముందు నిలబడ్డ చోటు మార్చి చూడు.

సరే, మన పెట్టె దగ్గరికి వద్దాం. నీ ఫిర్యాదు గుంయ్‌మని మోత. మా మేస్త్రిగారు మూత తీసేముందు వాల్యూము పూర్తిగా తగ్గించి చెవి పెట్టి వినేవారు. వాల్యూము తగ్గించినా మోత అలాగే ఉందా, జబ్బు వెనకాల పవరు సప్లయిలో. తగ్గిస్తే పోయిందా, జబ్బు ముందర, అంటే వైరులోనో, జాకులోనో, మొదటి వాల్వులోనో. ఒక్క బిరడా తిప్పి సగం పని అయిపోగొట్టేవారాయన. గిటారు వాళ్ళ పెట్టెల్లో నూటికి ఎక్కువపాళ్ళు ఆ తాడులోనే ఉంటుంది తప్పు. పైన అల్లిన జాలీ తెగి, చూడ్డానికి మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. పెట్టె అంతా విప్పి, చివరికి వైరు దగ్గరికొస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

తగ్గించినా మోత ఉందంటే కండెన్సర్లు ఎండిపోయాయన్నమాట. కండెన్సరు చేసే పని కొల్లేటి గట్టున పుట్టినవాడికి ఇట్టే అర్థమవ్వాలి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వానాకాలం ఒక్కపెట్టున పోటెత్తుతాయి. ఆ నీళ్ళు కొల్లేరు తన కడుపులో పెట్టుకుని ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది. రెక్టిఫయరు వాల్వు దాటి వచ్చే కరెంటు కూడా సెకనుకి 100 పోట్లుగా వస్తుంది. కండెన్సరు ఆ పోటు పట్టి ఉంచి, ఎత్తుపల్లాలు లేకుండా ముందుకి పంపుతుంది. దానిలో తడి ఆరిపోయి కడుపు చిక్కిపోతే ఆ పోట్లు నేరుగా స్పీకరు మీద పడతాయి. అదే నీకు వినిపించే మోత. కొల్లేటిని చేపల చెరువుల గట్లతో బిగించినప్పుడు వరద ఊళ్ళ మీద పడలేదూ! 2006లో సర్కారు ఆ గట్లు కొట్టించింది. నాకైతే ఆ పని ఇంకా ముందే జరగాల్సింది అనిపిస్తుంది. కొల్లేటి మాట మొదలెడితే నాకు ఆగదు, నువ్వే నన్ను వెనక్కి లాగాలి.

వెనక్కి లాగినా మళ్ళీ అక్కడికే వస్తాలే. కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతర ఫాల్గుణంలో. మైకు సెట్టు గోనెపట్టాలో చుట్టి దోనెలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. నీళ్ళు తగ్గిన ఏడాది కొంత దూరం బురదలో నెత్తిన మోత. జనంలో తప్పిపోయిన పిల్లల పేర్లు చదవడానికే సగం రాత్రి సరిపోయేది. ఎర్రచొక్కా వేసుకున్న పిల్లాడు, పేరు అడిగితే చెప్పడు, జీళ్ళు అడుగుతున్నాడు అని చదివితే, ఆ పిల్లాడు మావాడే అంటూ నలుగురు తండ్రులు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. తెల్లవారుజామున మంచు పొగలా దిగేది. ఆ చెమ్మకి వాల్వు కాళ్ళకి పచ్చటి చిలుం పట్టేది, బేసులో వదులయ్యేది. పాట మధ్యలో కరకరమని ఆగిపోయేది. చల్లారాక ఒక్కో వాల్వునీ నెమ్మదిగా పైకి తీసి మళ్ళీ దింపి, ఇలా నాలుగుసార్లు చేస్తే చిలుం రాలి మళ్ళీ పలికేది. నీ పెట్టెకీ ముందు అదే చెయ్యి, ఖర్చు లేని వైద్యం. తీసేటప్పుడు గాజు నెత్తి మీద చూడు. వెండి రంగు మచ్చ ఉంటుంది. మెరుస్తుంటే మంచిదే. పాలలా తెల్లబడిందంటే లోపలికి గాలి దూరింది, ఆ వాల్వు ఇక పనికిరాదు. వేరే పరీక్ష అక్కర్లేదు.

ఆ జాతరలోనే ఇంకో సంగతి చూశాను. పక్క ఊరి సెట్టువాళ్ళ కుర్రాడు హారను మార్చడానికి లైను పీకి, సెట్టు ఆపకుండానే చెట్టెక్కాడు. కింద రికార్డు తిరుగుతూనే ఉంది. కిందికి దిగేసరికి సెట్టులోంచి కాలిన లక్క వాసన. వాల్వు సెట్టుకి స్పీకరు లేకుండా శబ్దం ఇవ్వకూడదురా. పోయే దారి లేక ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజీ పెరిగిపోయి చుట్టల మధ్య పూత తెగిపోతుంది. నీ ఫోనుకి పెట్టుకునే చిన్న యాంప్లిఫయర్లకి ఆ బాధ లేదు, వాల్వుకే ఉంది. పెట్టెలో అన్నిటికన్నా ఖరీదైంది, దొరకనిది ఆ ట్రాన్స్‌ఫార్మరే. మళ్ళీ చుట్టించాలంటే అప్పట్లో నెలరోజులు పట్టేది.

వాల్యూము బిరడా తిప్పితే గరగరమంటుందన్నావు. అది లోపలి కార్బను పట్టా మీద దుమ్ము. మేం సి.టి.సి. అని ఒక ద్రవం సీసాలో పెట్టుకుని, సిరంజితో రెండు చుక్కలు వేసి ఇరవై సార్లు తిప్పేవాళ్ళం. దాని వాసన గదంతా నిండేది. కార్బన్ టెట్రాక్లోరైడు అది, కాలేయానికి విషం. అప్పట్లో ఎవరికి తెలుసు! పీల్చుతూనే టీ తాగేవాళ్ళం. నువ్వు కాంటాక్టు క్లీనరు డబ్బా కొనుక్కో. శుభ్రం చేశాక కూడా వారంలో గరగర మళ్ళీ వచ్చిందంటే తప్పు బిరడాది కాదు. పక్కనున్న కప్లింగు కండెన్సరు కారి దాని మీదికి డీసీ వదులుతోంది. బిరడా మార్చినా కొత్తదీ గరగరమంటుంది.

ఆ కారే కండెన్సరే పెద్ద వాల్వుల దగ్గర ఉంటే ఇల్లు గుల్లవుతుంది. మైనంలో ముంచిన కాగితం కండెన్సర్లు మా కాలంలోవి. చెమ్మ తగిలితే కారేవి. అప్పుడు ఔట్‌పుట్ వాల్వుకి కళ్ళెం పోయి ఒళ్ళు తెలియకుండా కరెంటు లాగేస్తుంది. దీపాలార్పి చూడు. మధ్యలో సన్నగా నారింజరంగు వెలుగు మామూలే. గాజు గోడ మీద నీలిరంగు కాంతి కనిపించినా కంగారు పడకు. చుట్టూ ఉన్న బూడిదరంగు రేకే, ప్లేటు అంటామే, అది కుంపట్లో కడ్డీలా ఎర్రబడిందంటే మాత్రం ఆలోచించకుండా స్విచ్చి ఆపు. చాలామంది వెంటనే వాల్వు కొత్తది వేస్తారు, అదీ పోతుంది. వాల్వు తీసి, బేసులో గ్రిడ్డు పిన్ను దగ్గర మీటరు పెట్టాలి. సున్నాగానీ మైనస్‌గానీ చూపాలి. ప్లస్సు చూపిందా, దొంగ దొరికాడు. అది కరెంటు ఉండగా చూడాల్సిన పని గనుక నేను పక్కనున్నప్పుడే చేద్దువుగాని. రూపాయి కండెన్సరు పోయినందుకు నూరు రూపాయల వాల్వుని తిట్టేవాళ్ళని ఎందరినో చూశాను.

పెట్టె నెత్తిన ఒక్కటిచ్చుకుంటే పలుకుతోందని నవ్వుతున్నావు. దెబ్బకి దెయ్యం వదులుతుందన్న సామెత పట్టుకుని మా తాడేపల్లిగూడెం ఖాతాదారు ఒకాయన సెట్టు మూత సొట్టలు పడేదాకా కొట్టాడు. తాడేపల్లిగూడెం అంటే గుర్తొచ్చింది, రేలంగి వెంకట్రామయ్యగారు ఆ ఊళ్ళోనే సినిమాహాలు కట్టించారు. సినిమాహాళ్ళ పెట్టెలూ వాల్వులవే. ఆట మధ్యలో గొంతు పోయిందంటే ఈలలు, కేకలు. సరే, పెట్టెని కొడితే పలకడం ఒక గుర్తు. ఎక్కడో అతుకు వదిలింది. వేడెక్కాక ఆగిపోయి, చల్లారితే పలికిందంటే మరీ గట్టి గుర్తు. పెన్సిలు వెనక్కి తిప్పి, చెక్క వైపుతో, ఒక్కో అతుకునీ మెల్లగా తట్టు. ఎక్కడ తడితే చిటపటమంటుందో అక్కడ సీసం చుట్టూ వెంట్రుకంత గీత ఉంటుంది. భూతద్దంలో చూస్తే కనిపిస్తుంది. పాత సీసం తీసేసి కొత్తది పెట్టు. సోల్డరింగ్ ఐరను చల్లగా ఉంటే సీసం ముద్దగా కూర్చుంటుంది, పట్టదు. కరిగి, తళుక్కున పారి, మెరుస్తూ గట్టిపడాలి. వాల్వుని తడితే స్పీకరులో టంగుమని గంట మోగిందా, ఆ వాల్వు లోపలి పుల్లలు వదులయ్యాయి. దాన్ని మార్చేయ్.

ఇక ఫ్యూజు. ఒక రాత్రి పెళ్ళిలో ఫ్యూజు పోతే పెళ్ళికొడుకు బాబాయి సిగరెట్టు పెట్టెలో వెండికాగితం చుట్టి పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారు. తెలివంటే ఆయనది అన్నారు. అరగంటకి మెయిను ట్రాన్స్‌ఫార్మరే కాలింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే అదే. దానికి విరుగుడు ఉంది, ఆ గోడన ఉన్న సీరీసు బోర్డు చూడు. వంద వాట్ల బల్బుని లైన్లో పెట్టి, దాని గుండా పెట్టెకి కరెంటు ఇస్తాం. బల్బు ఒక్కసారి వెలిగి మందగించిందంటే లోపల క్షేమం. దేదీప్యమానంగా వెలుగుతూనే ఉందంటే షార్టు. పెట్టె కాలదు, బల్బే ఆ పోటు మోస్తుంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు, పాత ఫిలమెంటుదే కావాలి. ఒకటి దాచి ఉంచా.

ఆ రెండు పిన్నుల ప్లగ్గు మాత్రం ఇవాళే మార్చాలి. పాత సెట్లలో మైకుకి మూతి తగిలితే చురుక్కుమనేది. గాయకుడు మూతి మీద రుమాలు పెట్టుకుని పాడేవాడు, జనం అది ఫ్యాషననుకునేవాళ్ళు. ఇనపకడ్డీ నేలలో దిగగొట్టి, ఉప్పునీళ్ళు పోసి, దాన్నుంచి పెట్టెకి ఎర్తు వైరు లాగేవాళ్ళం. నీ చేతిలో గిటారు తీగలు, ఎదురుగా మూతి దగ్గర మైకు. రెండు పెట్టెలకీ ఎర్తు సరిగ్గా లేకపోతే మధ్యలో నువ్వే వైరువవుతావు. మోత తగ్గుతుందని మూడో పిన్ను విరగ్గొట్టే కుర్రాళ్ళున్నారని విన్నాను. వాళ్ళ మాట వినకు.

ఒక్క విషయంలో మాత్రం నీకూ నాకూ పడదు. గొంతు పగిలినట్టు బరబరమనాలి, అలా వస్తేనే గిటారు అంటావు. అదే బరబర పెళ్ళిలో వస్తే మా అద్దె డబ్బులు సగం కోసేవాళ్ళు. వాల్వుని దాని శక్తికి మించి తోస్తే అలల తలలు గుండ్రంగా నలిగి ఆ గొంతు వస్తుంది. నీ చెవికి అది అందం. కానివ్వు, అది జబ్బు కాదు కాబట్టి దాన్ని బాగుచెయ్యను. జబ్బు ఏదో, నీకు ఇష్టమైన గొంతు ఏదో వేరుచేసి చెప్పడం మటుకు నువ్వే చెయ్యాలి. రిపేరుకి పెట్టె ఇచ్చేవాడు సరిగ్గా చెబితే సగం పని అయినట్టే.

సామాన్ల కోసం మేం సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు రిచీ స్ట్రీటుకి పోయేవాళ్ళం. నీకు ఫోనులోనే దొరుకుతాయి. వాల్వులు ఇప్పుడు రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తున్నాయి. కండెన్సరు కొనేటప్పుడు 450 వోల్టులకి తగ్గకుండా, పాతదాని మీద రాసినన్ని మైక్రోఫారడ్లే తీసుకో. పాత స్టాకు చవగ్గా వస్తోందని కొనకు, వాడకపోయినా అరలో కూర్చునే ఎండిపోతుంది. ప్లస్సు, మైనస్సు తిరగేస్తే పేలుతుంది, అది మర్చిపోకు. రేపు ముందు గిటారు తాడు ఇంకొకటి పెట్టి విను, తరవాత వాల్వులు కదుపు. అప్పటికీ మోత పోకపోతే శనివారం పొద్దున్నే పెట్టె తీసుకురా. స్పీకరు వైరు మాత్రం పీకకు.